లివర్‌పూల్ నేలమాళిగలు

విక్టోరియా రాణి ఏలుబడి తొలినాళ్ల మాట ఇది. ఇంగ్లండులో లివర్‌పూల్ పెద్ద ఓడరేవు. సంపదకు కొదవ లేదు. మరి కూలీలు ఎక్కడ ఉండేవారు? వేలాదిమంది నేలమాళిగల్లో. గాలి రాదు, వెలుతురు రాదు. మురుగు మాత్రం వచ్చేది.

1842లో సంఘ సంస్కర్త ఎడ్విన్ చాడ్విక్ కూలీల ఆరోగ్య పరిస్థితులపై ఒక నివేదిక ఇచ్చారు. లివర్‌పూల్ కూలి కుటుంబాల్లో చనిపోయినవారి సగటు వయసు 15 ఏళ్లేనట! అంటే అందరూ పదిహేనేళ్లకే పోయారని కాదు. పసిపిల్లలు అంతమంది పోయేవారు. అందుకే సగటు అంతగా పడిపోయింది.

1847లో ఆ నగరం డాక్టర్ డంకన్‌ను ఆరోగ్యాధికారిగా నియమించింది. బ్రిటన్‌లో అలాంటి పదవి అదే మొదటిది. ఆ ఏడే ఐర్లండు కరువుకు తాళలేక వచ్చినవారితో ఊరు కిక్కిరిసింది. టైఫస్ జ్వరం విజృంభించింది. డంకన్ నేలమాళిగలు ఖాళీ చేయించారు. ఇంజనీరు జేమ్స్ న్యూలాండ్స్ భూగర్భ మురుగు కాలువలు వేయించారు.

రోగాలకు చెడు గాలే కారణమని అప్పట్లో అనుకునేవారు. ఆ లెక్క తప్పే. కానీ మురుగు తొలగించడం మాత్రం ఒప్పే.

గుర్తుంచుకోండి. మందుల కన్నా ముందు మంచినీరు, మురుగు కాలువ. మీ వీధి కాలువ పూడిపోతే ఊరుకోకండి. పంచాయతీకో మున్సిపాలిటీకో వెంటనే చెప్పండి.