తుపాకికి పట్టు కాలము



నేటి ప్రసంగమునకు మూలమైన ప్రశ్నను మా విశాఖపట్టణమున యంత్రములయందు మక్కువగల యొక యువకుడు నన్నడిగెను: “ముచ్చటకు తుపాకిని ఇంటిలోనే కూర్చుకొనువారికి ఎంతకాలము పట్టును?” అమెరికాదేశమున వేటగాండ్రును, గురిపందెముల ప్రియులును భాగములను అంగడిలో కొనితెచ్చి యింట బిగించుకొందురని ఆతడు వినియుండెను. అందు అసత్యము లేదు. కర్మాగారమున సిద్ధమైన భాగములన్నియు ముందున్నచో, అలవాటుపడినవారికి ఒక సాయంకాలము చాలును; కొత్తవారికి కొన్ని దినములు పట్టును. అయినను ఇది ఉత్తరము కాదు. గృహిణి విస్తరిలో అన్నము వడ్డించిన నిమిషమును లెక్కించి, వరి పండుటకు ఇంతియే కాలమని చెప్పినట్లుండును. బిగించుట వేఱు, చేయుట వేఱు.

ఈ భేదమును తేటపఱచు కథ యొకటి కలదు. అమెరికాలో ఈలై విట్నీ యను యంత్రకారుడు 1798లో తన ప్రభుత్వముతో నొడంబడిక చేసికొని, పదివేల తుపాకులను రెండేండ్లలో చేసి యిచ్చెదననెను. అంతకుముందు తుపాకిని ఒక్కొక్క పనివాడు ఒక్కొక్కటిగా ఆకురాయితో రాచి కూర్చెడివాడు. ఒక తుపాకి మర మఱియొక తుపాకికి పొసగెడిది కాదు. ఏ భాగమైనను ఏ తుపాకికైనను సరిపోవునట్లు చేయుదునని విట్నీ పలికెను. 1801లో పెద్దల యెదుట భాగములను కుప్పపోసి, చేతికి వచ్చినదానిని తీసి బిగించి చూపెను. చూచినవారు విస్మితులైరి. ఆ భాగములు ప్రదర్శనమునకై ప్రత్యేకముగా సవరించినవని తరువాతి పరిశోధకులు తేల్చిరి! రెండేండ్లలో ముగియవలసిన పని 1809లో గాని ముగియలేదు. బిగించి చూపుటకు నిమిషములు. పదివేలు చేయుటకు పదునొకండేండ్లు. నేడు అమెరికాలో ఒకడు సాయంకాలమున తుపాకి కూర్చుకొనుచున్నాడన్నచో, వాని వెనుక రెండు శతాబ్దుల కొలతలు, అచ్చులు, ఉక్కు పరీక్షలు నిలిచియున్నవి.

ఉక్కు మాట వచ్చినది గనుక మా యూరి సంగతి యొకటి. విశాఖ ఉక్కుకై 1966లో ఆంధ్రదేశమంతయు ఉద్యమించి, ముప్పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిరి. కొలిమినుండి ఇనుము కరగి పాఱినది 1990లో. ఎట్టి యంత్రమునకైనను కాలము లెక్కింపదలచువాడు ఇచ్చటనుండి మొదలుపెట్టవలయునని నా యభిప్రాయము.

తుపాకి యను శబ్దము తెలుగు గాదు. తుర్కీ, పారసీకముల మీదుగా మనకు వచ్చినది. సంస్కృతము చదివినవారిలో కొందఱు వెంటనే శుక్రనీతిని చేతబట్టుదురు. అందు నాళికాయుధములును, అగ్నిచూర్ణమును వర్ణింపబడిన మాట నిజమే. మదరాసులో సంస్కృతాచార్యుడైన ఆపర్ట్ పండితుడు 1880లో దానినే యాధారముగా జేసికొని, తుపాకి ప్రాచీన భారతీయులదేయని వాదించెను. ఆ భాగములు బహు అర్వాచీనములని తరువాతి విమర్శకులు నిర్ణయించిరి. పండితకులమువాడనైనను నేను విమర్శకుల పక్షమే వహింతును. మన చరిత్రలో తుపాకి పని స్పష్టముగా కనబడునది 1520లో శ్రీకృష్ణదేవరాయల రాయచూరు ముట్టడియందు. అచ్చట పోర్చుగీసువారి తుపాకులు కోటగోడలపై నున్నవారిని ఎన్నికొని కొట్టినవని పోర్చుగీసు వ్రాతలే చెప్పుచున్నవి.

ఇక యీ ప్రశ్నకు అసలైన యుత్తరము విశాఖ మన్యములోనే యున్నది. అల్లూరి సీతారామరాజు కథ మీరెఱుగనిది కాదు. గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కాలమున నర్సీపట్టణమునుండి చింతపల్లికి బాటవేయించుటలో మన్యపుజనులు పడిన బాధలు, అడవిలో పోడు కొట్టుకొనుటకు వచ్చిన ఆటంకములు, ముఠాదారులకు జరిగిన పరాభవములు—ఇవి యన్నియు మీరు వినియున్నవే. నేను ఆయుధముల లెక్క మాత్రమే చెప్పెదను. ఈ లెక్కను పాఠ్యపుస్తకములు చెప్పి విడుచునేగాని కూడి తీసి చూపవు.

మన్యమువారికి విల్లును, బాణమును, ఈటెయు కలవు. గొట్టమునోట మందుకూరి కాల్చు నాటుతుపాకియు వారికి క్రొత్తది కాదు. అయితే 1878 నాటి ఆయుధచట్టము అనుమతిపత్రము లేనిదే తుపాకి యుంచరాదని శాసించినది. ఆ చట్టమును ఆంగ్లపాలనలోని దుష్కృత్యములలో మిక్కిలి నల్లనిదిగా అహింసావ్రతుడైన గాంధీమహాత్ముడే పేర్కొనెను. పోలీసుల తుపాకితో నాటుతుపాకి తులతూగదు. కర్మాగారపు తుపాకిని అడవిలో చేయవలెనన్నచో ఎన్ని యేండ్లైనను చాలవు. కావున సీతారామరాజు కాలమును కాక దూరమును లెక్కించెను. తుపాకులు ఠాణాలలో నున్నవి. ఠాణాలు నడకదూరములో నున్నవి.

1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు దినములు, మూడు ఠాణాలు. చిక్కినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. తీసికొన్నవానికి లెక్కవ్రాసి సంతకము పెట్టి వెళ్ళెను. దొంగతనము కాదని చెప్పుటకు అంతకంటె ఏమి కావలయును? రాజవొమ్మంగిలో బందీయైయున్న వీరయ్యదొరను విడిపించెను.

ఇప్పుడు బడిపంతులు చేయు పని చేయుదును. 2,500ను 26చేత భాగింపుడు. ఒక్కొక్క తుపాకికి తొంబదియాఱు తూటాలు. సీతారామరాజు అమరుడైనది 1924 మే 7న. చింతపల్లి దాడినుండి ఆ దినమునకు 624 దినములు. 2,500ను 624చేత భాగించిన దినమునకు నాలుగు. తుపాకికి నాలుగు కాదు, దండు మొత్తమునకు నాలుగు. మధ్య మధ్య మఱికొన్ని చిక్కియుండవచ్చును, కొన్ని పోయియుండవచ్చును. లెక్క ఈ ప్రాంతముననే తిరుగును.

తుపాకి ఇనుపవస్తువు, జాగ్రత్తపఱచినచో తరములు నిలుచును. తూటా ఒక్కమాఱు ప్రేలినచో మఱి లేదు. ఇత్తడి గుల్ల, నిప్పుపుట్టించు చిన్న మూత, పొగలేని మందు, సీసపు గుండు, ఈ నాలుగింటిని సరిగా చేయుటకు కర్మాగారమే కావలయును. మన్యపు కమ్మరికొలిమికి అది సాధ్యము కాదు. నాటుతుపాకికి మందును, గుండును ఊరిలో సంపాదించుకొనవచ్చును గాని దానితో శిక్షితసైన్యము నెదుర్పలేము. మంచి తుపాకికి ఆహారము లేదు, ఆహారము గలది మంచి తుపాకి కాదు. ఈ చిక్కు నుండి సీతారామరాజు బయటపడిన విధము మెచ్చదగినది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచియుండి, ముందు నడచుచున్న దేశీయసిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దఱు ఆంగ్లాధికారులను పడగొట్టించెను. భారతీయుని కొట్టరాదను నియమము ఒకటి. తూటా వ్యర్థము కారాదను నియమము ఒకటి. రెండును ఒక్క గురిలో నెఱవేఱినవి.

ప్రభుత్వమువారును ఈ లెక్కను త్వరలోనే గ్రహించిరి. అక్టోబరు 15న రాజు ముందుగా కబురుపంపియే అడ్డతీగల ఠాణాకు పోయెను. నాలుగు దినములకు రంపచోడవరము పోయెను. అచ్చట జనులు హారతులు పట్టిరి. తుపాకులు మాత్రము లేవు. వానిని ముందే తరలించియుండిరి. మన్యము దండుకు ఆయుధాగారము మూతపడినది ఆనాడే యని నేననుకొందును. డిసెంబరు 6న పెదగడ్డపాలెమువద్ద మలబారు పోలీసులు పెద్ద తుపాకులతో ఎదిరించినప్పుడు దండులో పలువురు నేలకొఱిగిరి. తరువాత అస్సాము రైఫిల్సు దిగినది. అటువైపు తూటాలకు కొదవ లేదు.

ప్రశ్న యడిగిన యువకునికి చట్టము సంగతి కూడ చెప్పవలసియున్నది. 1878 చట్టము పోయి 1959 చట్టము వచ్చినది. అనుమతిపత్రము లేక తుపాకి చేయుటయేగాక, దానిని మార్చుటయు, బాగుచేయుటయు నేరమే. 2019 సవరణచే, అనుమతిలేని తయారికి శిక్ష ఏడేండ్లకు తక్కువ గాక యావజ్జీవమువఱకు పెరిగినది. ముచ్చటకు చేసితిననిన న్యాయాధిపతి వినడు, వినరాదు కూడను. ఒక సాయంకాలపు వినోదమునకు ఏడేండ్లు! చేతులు ఊరకుండనిచో నావల నమూనాలు కూర్చుకొనుమని ఆతనితో చెప్పితిని. మా సింధియా నౌకానిర్మాణశాలలో 1948 మార్చి 14న నెహ్రూ జలములోనికి విడిచిన ‘జలఉష’ ఎనిమిదివేల టన్నుల యోడ. దాని నమూనా బల్లమీద పట్టును.

సీతారామరాజును మంపవద్ద పట్టుకొని కొయ్యూరులో కాల్చిచంపిరి. గాము గంటందొర మఱుసటి నెలలో పోరాడి మరణించెను. తమ్ముడు మల్లుదొర చెఱసాల యనుభవించి, 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. రాజు సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. ఆగష్టు 23న ఆతడు ఏడు తుపాకులను లెక్కవ్రాసి తీసికొనిపోయిన యూరు అదియే.