ఎవరి తాళం చెవి వారి దగ్గర
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కంప్యూటర్‌ను కొత్తగా వాడబోయే ప్రతి సభ్యుని చేత సొంత పాస్‌వర్డ్ పెట్టించాలని కార్యవర్గం తీర్మానించింది. "అందరికీ ఒకటే పెట్టి గోడ మీద రాస్తే పోలా? ఈ వయసులో ఇవన్నీ గుర్తుంటాయా?" అని కొందరు మిత్రులు అడిగారు. జవాబు చెప్పే పని కార్యదర్శిగారు నాకు అప్పగించారు. నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. గుమాస్తా భాషలోనే చెబుతాను.

ట్రెజరీలో పనిచేసినవారికి డబుల్ లాక్ సంగతి తెలుసు. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, చెవులు ఇద్దరు వేర్వేరు ఉద్యోగుల దగ్గర. ఛార్జి మారితే ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు పెట్టాల్సిందే. చెవి ఎవరి దగ్గరుంటే బాధ్యత వారిది. కంప్యూటర్లు వచ్చేసరికి ఆ జాగ్రత్త కాస్తా ఎగిరిపోయింది.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో పదిమందికి పది యూజర్ పేర్లు ఇచ్చారు గాని, పాస్‌వర్డ్ అందరికీ ఒకటే. మార్చుకోమని ఎవరూ చెప్పలేదు, యంత్రమూ అడగలేదు. కొత్తగా చేరిన కుర్రవాడొకడు తండ్రి కర్మకాండలకు ఊరికి వెళ్ళాడు. ఆ రోజుల్లోనే అతని పేరు మీద ఒక బిల్లు నమోదైంది. ఆడిట్ వారు పట్టుకున్నారు. మెమో అతనికే వచ్చింది. హాజరు పట్టీ, సెలవు చీటీ చూపించి బయటపడేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ బిల్లు ఎవరు చేశారో చివరికీ తేలలేదు. పదిమందీ చేయగలిగినప్పుడు ఎవరిని అడుగుతారు?

ఒకే యంత్రాన్ని పలువురు వాడుకోవడంలోనే ఈ చిక్కు పుట్టింది. అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం 1961లో అలాంటి ఏర్పాటు చేసింది. దాని పేరు సీటీఎస్ఎస్. ఎవరి ఫైళ్ళు వారికుండాలని అందులో మనిషికో పాస్‌వర్డ్ పెట్టారు. 1966లో ఒక చిత్రం జరిగింది. లోపలికి రాగానే కనిపించే ప్రకటన ఫైలూ, పాస్‌వర్డ్‌ల ఫైలూ తారుమారై, ఎవరు కూర్చున్నా అందరి పాస్‌వర్డ్‌లూ వచ్చిపడ్డాయి! ఈనాడు సరిగా ఏర్పాటు చేసిన కంప్యూటర్ పాస్‌వర్డ్‌ను తిరిగి చదవలేని రూపంలో దాస్తుంది. మరిచిపోతే కార్యదర్శిగారు కొత్తది ఇవ్వగలరు, పాతది చెప్పలేరు. కానీ ఆయన ఇచ్చినదాన్నే మనం వాడుతూ కూర్చుంటే ఈ కట్టుదిట్టం దేనికి? అందుకే విండోస్‌లో కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఒక గడి ఉంది. అక్కడ టిక్ పెడితే, మొదటిసారి కూర్చున్న మనిషి తన పాస్‌వర్డ్ పెట్టుకునేదాకా యంత్రం ముందుకు కదలదు. మన కంప్యూటర్‌లో ఆ టిక్ పెట్టిస్తున్నాం.

ఇక ఏం పెట్టుకోవాలి? మోరిస్, థాంప్సన్ అనే ఇద్దరు నిపుణులు 1979లో 3,289 పాస్‌వర్డ్‌లను పరిశీలించి ప్రకటిస్తే, 86 శాతం తేలిగ్గా దొరికిపోయేవే. 15 మందైతే ఒక్క అక్షరంతో సరిపెట్టారు. మనవాళ్ళు పుట్టిన తేదీ, పీపీఓ నంబరు, మనవడి పేరు పెడతారు. మనవడి పేరు ఈ హాల్లో ఎవరికి తెలియదు కనుక! సంబంధం లేని మూడు నాలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి, గోంగూర, గొడుగు, రైలు, వీణ అన్నట్టు. ఇవి మాత్రం వద్దు, నేను మైకులో చెప్పేశాను. నెలనెలా మార్చనక్కరలేదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లో చెప్పింది. గుర్తుండదనుకుంటే ఇంట్లో డైరీలో రాసి బీరువాలో పెట్టుకోండి. కంప్యూటర్‌కు చీటీ అంటించవద్దు.

ఆ కంప్యూటర్‌లో మన బ్యాంకు ఖాతాల వివరాలున్నాయి, కుటుంబ పెన్షన్ తీసుకుంటున్న అమ్మల కాగితాలున్నాయి. వారు పిల్లలను వెంట తెచ్చుకోవచ్చు, తొందరేమీ లేదు. సోమవారం నుంచి ఉదయం పది నుంచి పన్నెండు దాకా నేను అక్కడే ఉంటాను. మీరు టైపు చేసేటప్పుడు మొహం అటు తిప్పుకుంటాను.