మైన్లున్న రేవులోకి



నౌకాదళంలో చేరిన కొత్తల్లో మా గురువుగారు ఒకటే మాట చెప్పేవారు: "రేవు కనపడగానే చేరామనుకోకురా!" మైన్లున్న రేవు ముందు, ఓడ చెప్పిన చోటే ఆగాలి. అనుమతి రావాలి, రేవు పైలట్ ఎక్కాలి. స్వీపర్లు శుభ్రం చేసిన దారి తప్పకూడదు, అందులో లంగరు వేయకూడదు. "పదిసార్లు వచ్చిన రేవే కదా" అనుకున్న కెప్టెన్‌కే ముప్పు.

శాంతి వచ్చినా ఈ నియమాలు పోవు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సేనలు చిట్టగాంగ్ రేవు దారిలో మైన్లు వేశాయి. డిసెంబరులో యుద్ధం ముగిసింది. మైన్లకు ఆ సంగతి తెలియదు కదా! 1972 నుంచి 1974 దాకా సోవియట్ నావికులు వాటినీ, మునిగిన ఓడలనూ తీశారు. అక్కడ ప్రాణం విడిచిన ఒక నావికుడి సమాధి పతెంగాలో ఉంది.

అందుకే పైలట్ మాట వినడం పిరికితనం కాదు, బాధ్యత.