పాట మనది, తాళపుచెవి పరులది

మా తల్లిగారు చదువుకొన్నది తక్కువయే గాని, ఆమెకు వచ్చిన పాటలకు లెక్క లేదు. వేకువజామున చల్ల చిలుకుచు మేలుకొలుపులు పాడెడివారు. పేరంటములలో మంగళహారతులు పాడెడివారు. 1988లో ఒక వేసవి మధ్యాహ్నము ఆమెను కూర్చుండబెట్టి ఆ పాటలను మూడు కాసెట్లలో రికార్డు చేసితిని. ఆమె గతించిన పిమ్మట, టేపు చెడిపోవునేమో యను భయముతో, 2005లో ఆ పాటలను కంప్యూటరులోనికి ఎక్కించితిని. అందులకై సొమ్ము చెల్లించి ఒక ప్లేయరు సాఫ్ట్‌వేరును కొంటిని. పని ముగిసినది గదా యని కాసెట్లను అశ్రద్ధ చేయగా, నా యొద్ద నున్న రెండును బూజుపట్టి పాడైపోయినవి.

అయిదేండ్లకు ఆ కంప్యూటరు మూలబడినది. ఫైళ్లను క్రొత్త యంత్రములోనికి మార్చితిని. పేర్లు కనబడుచున్నవి; పాట మాత్రము వినబడదు. ఈ ఫైలును వినుటకు తమకు అనుమతి లేదను మాట తెరపై నిలిచినది. నా తల్లి పాట వినుటకు నాకు అనుమతి లేదట!

విక్రయించిన కంపెనీకి వ్రాసితిని. మొదటి జవాబు యంత్రము పంపినది: ఉత్తరము చేరినదని. రెండవ జవాబులో, కంప్యూటరును ఒకమారు ఆపి తిరిగి నడిపి చూడుడనిరి. మూడవ దానిలో, తమ ప్లేయరు పాతది, దానికి ఇక సహాయము లేదు, క్రొత్త కూర్పును కొనుడనిరి. కొంటిని. పాట పలుకలేదు. మరల వ్రాయగా అసలు సంగతి బయటపడినది. పాటలు ఎక్కించునపుడు “రక్షణ” యను గుర్తును నేను తీసివేయలేదట. అందుచే ఫైళ్లకు తాళము పడినదట. తాళపుచెవి పాత కంప్యూటరులో నిలిచిపోయినదట. ఆ గుర్తు అక్కడ నున్నదనియే నేనెరుగను. ఈ మాట మొదటి ఉత్తరములోనే చెప్పియున్నచో రెండవమారు సొమ్మయినను మిగిలియుండెడిది.

ఇట్లేల జరుగును? గ్రామఫోను పళ్లెమును ముల్లు తాకినచో పాట పలుకును. నడుమ మూడవవాని ప్రమేయము లేదు. కంప్యూటరు పాట అట్టిది కాదు. అందు ధ్వని అంకెలుగా మారి, తక్కువ చోటులో ఇముడుటకై ఒక పద్ధతి ననుసరించి కుదింపబడును. దానిని విప్పి వినిపించునదే ప్లేయరు. ఆ పద్ధతి నెరిగిన ప్లేయరు ఉన్నంతకాలమే ఫైలునకు నోరుండును. పద్ధతిపై పేటెంటున్నచో ప్లేయరు చేయువారు రుసుము చెల్లింపవలసి వచ్చును. అంతటితో ఆగక తాళము కూడ వేసినచో, చెవి లేనిదే పాట లేదు.

ఇది నా యొక్కని గోడు కాదు. అమెరికాలో మైక్రోసాఫ్ట్ కంపెనీ 2004లో “ఎమ్.ఎస్.ఎన్. మ్యూజిక్” అను పాటల అంగడిని తెరచినది. అచట కొన్న పాటలకు, తప్పక పలుకునని అర్థమిచ్చు “ప్లేస్ ఫర్ ష్యూర్” అను ముద్ర యుండెడిది. 2006లో అదే కంపెనీ “జూన్” అను చేతిపెట్టెను అమ్మజూపగా, ఆ ముద్ర గల పాటలు అందులో పలుకలేదు. అంగడియు ఆ సంవత్సరమే మూతపడినది. 2008 ఏప్రిలులో, ఆగస్టు 31 తరువాత క్రొత్త కంప్యూటర్లకు తాళపుచెవులు ఇయ్యబోమని కొన్నవారికి జాబులు పంపిరి. అనగా, యంత్రము మార్చినచో సొమ్మిచ్చి కొన్న పాట మూగబోవును. జనులు గట్టిగా అభ్యంతరము చెప్పుటచే ఆ గడువును 2011 చివరి వరకు పొడిగించిరి. అడిగినందున గడువు వచ్చినది. అడుగకున్న అదియు లేదు.

అప్‌గ్రేడు అనగా మెరుగు అని మనమనుకొందుము. మెరుగుతో పాటు తరుగును వచ్చుట కలదు. విండోస్ 7లో డి.వి.డి. పళ్లెమును పెట్టినచో బొమ్మ ఆడెడిది. 2012లో వచ్చిన విండోస్ 8లో ఆ సౌకర్యమును మూలప్రతి నుండి తొలగించి, వేరుగా సంపాదింపవలసిన అంగముగా చేసిరి. 2015 నాటి విండోస్ 10లో ఆ అంగమును లేకపోయెను. డి.వి.డి. బొమ్మను విప్పు పద్ధతికై ప్రతి యొక్క నకలునకు పేటెంటుదారులకు రుసుము చెల్లింపవలసి యుండుటయు, పళ్లెములు చూచువారు తగ్గుటయు ఇందులకు కారణములు. కారణము న్యాయమైనదే కావచ్చును. కాని బీరువా నిండ పళ్లెములు పేర్చుకొన్న గృహస్థునకు ఆ సంగతి ముందుగా తెలియవలదా?

పాతదానితోనే సరిపెట్టుకొందమన్నను చిక్కే. విండోస్ కంప్యూటర్లలో “క్విక్‌టైమ్” ప్లేయరు చిరకాలము వాడుకలో నుండెను. 2016 ఏప్రిలులో దానిలో దొంగలు దూరదగిన రెండు లోపములు వెల్లడి కాగా, యాపిల్ కంపెనీ వానిని సరిచేయక ఆ కూర్పునకు స్వస్తి చెప్పెను. దానిని తీసివేయుడని అమెరికా ప్రభుత్వమే ప్రజలకు సలహా చెప్పినది. క్రొత్తది కొన్న ఒక నష్టము, పాతది ఉంచుకొన్న మరియొక నష్టము.

కంపెనీల పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. ఒకమారు అమ్మినదానిని ఎల్లకాలము ఉచితముగా బాగుచేయుచుండుట ఎవరికిని సాధ్యము కాదు. జవాబులు వ్రాయు ఉద్యోగి తన ముందున్న పాఠమునే చదువును. అతనిపై కోపించి ప్రయోజనము లేదు. మనము కోరవలసినది ఎల్లకాలపు సేవ కాదు; కొనుటకు ముందే నిజము చెప్పుట. ఎన్నేండ్లు సహాయము చేయుదురు, యంత్రము మార్చినచో పనిచేయునా, దాచిన ఫైలు వేరొక ప్లేయరులో తెరచుకొనునా — ఈ మూడింటికి సమాధానము దొరకనిచో సొమ్మును జేబులోనే ఉంచుకొనుట మేలు.

ఇక మన చేతిలో నున్న జాగ్రత్తలు. ఇంటివారి కంఠములను ఏ ఒక్క కంపెనీకిని చెందని పద్ధతులలో దాచవలెను. “ఫ్లాక్” అట్టిదే, అందులో ధ్వని ఏమాత్రము తరుగదు. “ఎమ్.పి.3” పై నుండిన పేటెంట్ల చిక్కు 2017తో తీరినది. ఫ్రాన్సులో విద్యార్థులు 1996లో ఆరంభించిన ప్రయత్నము నుండి పుట్టిన “వి.ఎల్.సి.” ప్లేయరు ఉచితము, దాని మూలలిపి 2001 నుండి అందరికిని బహిరంగము. ఒకరు వదలినను మరియొకరు దానిని బాగుచేసికొనగలరు. ఒక నకలు ఇంట, ఒక నకలు వేరొక చోట ఉంచవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, క్రొత్తదానిని వేరొక యంత్రములో విని చూచునంతవరకు మూలమును పారవేయరాదు.

మూడవ కాసెట్టు సంగతి చెప్పలేదు. దానిని మా చెల్లెలు తన కాపురమునకు తీసికొనిపోయి, పట్టుచీరల నడుమ దాచినది. అది చెక్కుచెదరలేదు. పాత టేప్‌రికార్డరును వెదకి పట్టి దానిని వింటిమి. పదకొండు పాటలు దక్కినవి. తక్కిన రెండు కాసెట్ల పాటలు తాళము వెనుకనే యున్నవి. చివరి పాట నడుమ అమ్మ ఆగి, “ఇది పలుకుతున్నదటరా?” అని నన్నడుగును.

పలుకుచున్నదమ్మా. ఇప్పుడు దానికి తాళము లేదు.