మన్నులోని మందు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తొలకరి జల్లు పడగానే నేలనుండి కమ్మని వాసన వచ్చుట మనమందరము ఎరుగుదుము. మట్టిలో నివసించు స్ట్రెప్టోమైసిస్ అను బాక్టీరియా తయారుచేయు జియోస్మిన్ అను పదార్థమే ఆ వాసనకు ముఖ్య కారణము. కంటికి కానరాని ఈ జీవులే క్షయ, ప్లేగు వంటి మహమ్మారులకు మందులను ప్రసాదించినవి.

చారెడు మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు కలవు. రాలిన ఆకును, పేడను కుళ్లజేసి పైరుకు బలముగా మార్చునవి ఇవియే. అచ్చట ఆహారము కొంచెము, ఆశించునవి పెక్కు. కావున వానిలో కొన్ని, ఇరుగుపొరుగు జీవుల పెరుగుదలను అణచు రసాయనములను విడుచును. వానినే యాంటిబయోటిక్కులు అందురు.

1943వ సంవత్సరమున అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయమున, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో, ఆల్బర్ట్ షాట్జ్ అను యువకుడు స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొనెను. పశువుల ఎరువు దండిగా వేసిన పొలపు మట్టియే దానికి పుట్టినిల్లు. పెన్సిలిన్‌కు లొంగని క్షయ క్రిమి దీనికి లొంగెను. 1952లో వాక్స్‌మన్‌కు నోబెల్ బహుమానము లభించెను.

మన తెలుగువారికి గర్వకారణమైన విషయ మింకొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధిపతిగా ఉన్న కాలమున, బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మిస్సోరీ రాష్ట్రపు మట్టినుండి బంగారు వన్నెగల బాక్టీరియాను వేరుచేసెను. దానినుండి లభించిన ఆరియోమైసిన్‌ను 1948లో లోకమునకు ప్రకటించిరి. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులలో ఇదియే మొదటిది. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే పరమపదించిరి.

అయితే ఈ మందుల బలము శాశ్వతము కాదు. 1948లో బ్రిటనులో ప్రకటింపబడిన పరీక్షలో, స్ట్రెప్టోమైసిన్‌ను ఒంటరిగా వాడిన రోగులలో పెక్కుమందియందు క్షయ క్రిములు కొలది నెలలలోనే మందుకు లొంగనివయ్యెను. అందుచేతనే నేడు క్షయకు పలు మందులను కలిపి, సామాన్యముగా ఆరు నెలలు ఇచ్చుచున్నారు. వానిలో ముఖ్యమైన రిఫాంపిసిన్ కూడ మట్టి బాక్టీరియా ఇచ్చిన పదార్థమునుండి తయారైనదే. రెండు నెలలకే దగ్గు తగ్గెనని మందు మానుట, కలుపును వేరుతో పెరుకక పైపైన కోసినట్లే. మిగిలిన మొండి క్రిములు తిరిగి పెరుగును. ఇంటివారికి, ఇరుగుపొరుగు వారికి అంటుకొనును.

కొలిస్టిన్ అను మందు కూడ మట్టి బాక్టీరియా నుండి పుట్టినదే. ఇతర మందులు పనిచేయనపుడు వైద్యులు ఆశ్రయించునది ఇది. దీనిని కోళ్ల మేతలో కలుపుట సాగుచుండగా, భారత ప్రభుత్వము 2019లో ఆహారమునకై పెంచు పశువులకు, కోళ్లకు, చేపలకు, వాని మేతకు దీనిని వాడరాదని నిషేధించినది.

ఇక పంచాయతీ చేయదగిన పనులు చూతము. జలుబుకు యాంటిబయోటిక్ పనిచేయదని, వైద్యుని చీటీ లేనిదే కొనరాదని గ్రామసభలో తెలియజెప్పవలెను. క్షయరోగి మందు మానకుండ ధైర్యము చెప్పవలెను; అతనిని వెలివేసినట్లు చూచిన యెడల రోగమును దాచుకొనును. కోళ్లు, చేపలు పెంచువారు పశువైద్యుని సలహాపైననే మందు వాడునట్లు చూడవలెను. మిగిలిన మందులను చెరువులోను, కాలువలోను పారవేయనీయరాదు. అన్నిటికంటె ముఖ్యముగా త్రాగునీటిని, మురుగు కాలువలను శుభ్రముగా ఉంచవలెను. రోగము రాని ఇంట మందుతో పనియేమి?

మన్ను ఇచ్చిన ఈ మందు మన మనుమల కాలమునకును పనిచేయవలెనన్న, నేడు దానిని పొదుపుగా వాడుటయే మార్గము. ఆ పొదుపు మీ గ్రామమునుండియే ఆరంభమగుగాక!