టాలీ కొత్త కంప్యూటర్‌లోకి మారాలంటే

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కొట్లో లెక్కల కంప్యూటర్ మార్చాలనుకునే వ్యాపారులకు ఈ నాలుగు మాటలు.

2009లో వచ్చిన లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ఈఆర్‌పీ 9 ఇంకా వాడుతున్నారా? ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే లెక్కలు వస్తాయి, లైసెన్సు రాదు. అది పాత యంత్రానికే కట్టుబడి ఉంటుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తాళాలు అప్పగించినట్టు, ముందు పాత కంప్యూటర్‌లో ఇంటర్నెట్ పెట్టి, లైసెన్సు మెనూలో సరెండర్ చేయాలి. తరువాతే కొత్తదాంట్లో యాక్టివేషన్.

దానికి సీరియల్ నంబరు, నమోదు చేసిన ఈమెయిలు, పాస్‌వర్డ్ కావాలి. అసలు చిక్కు ఇక్కడే. చాలాచోట్ల ఆ ఈమెయిలు ఎప్పుడో మానేసి వెళ్లిన గుమస్తాది! యజమాని పేరు మీదికి దాన్ని ముందే మార్పించుకోవడం మంచిది.

డేటా బ్యాకప్ వేరే పని. టాలీలోని కంపెనీలన్నీ బ్యాకప్ తీసి, కొత్త కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి, పోయిన నెల బ్యాలెన్సులు సరిచూడండి. అప్పటిదాకా పాత కంప్యూటర్‌ను అమ్మకండి, ఫార్మాట్ చేయించకండి.