మతి తప్పిన పెద్దలకు తోడు మనిషి



కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోగాని, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలోగాని వలస యనెడి మాట ఎరుగనివారుండరు. 2016 అక్టోబరులో ఇవి మూడు జిల్లాలైనవి. అంతకుముందు ఇవన్నియు మహబూబునగరు జిల్లాలోనివే. కాలువలు త్రవ్వుటకు, మేడలు కట్టుటకు పాలమూరు కూలీలు ముంబయి, పూణే, హైదరాబాదులకు తరలిపోవుట పాత కథ. చదువుకొన్న బిడ్డలు ఉద్యోగములకై పట్నము చేరుట కొత్త కథ. రెండింటిలోను ఇంటివద్ద మిగిలెడివారు ముసలి తల్లిదండ్రులే. వారిలో ఒకరికి మతి తప్పినచో చూచుకొనెడి వారెవరు? ఈ ప్రశ్నను గూర్చియే నేటి ప్రసంగము.

తాళపుచెవి ఎచ్చట పెట్టినదీ మరచుట వయసు లక్షణము. ఏబది ఏండ్లు జొన్నరొట్టె తట్టిన తల్లి, పెనము ముందు నిలిచి తరువాత ఏమి చేయవలెనో తోచక బిక్కమొగము వేసినచో, అది వయసు కాదు, వ్యాధి. వైద్యులు దానిని డిమెన్షియా అందురు. అందులో ఎక్కువగా కనిపించు రకమును 1906లో జర్మను వైద్యుడు ఆల్జ్‌హైమరు వివరించినందున, ఆయన పేరనే అది ప్రసిద్ధికెక్కినది. మన దేశమున అరువదేండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమందికి, ఈ వ్యాధి కలదని 2023లో ప్రకటితమైన ఒక జాతీయ అధ్యయనము తెలిపినది. పట్నములకంటె పల్లెలలోనే ఇది హెచ్చని కూడ ఆ అధ్యయనము చెప్పుచున్నది. కనుక ఇది గాలి సోకుడు కాదు, పూర్వజన్మ పాపము కాదు, దాచుకొనవలసిన అప్రతిష్ఠ అంతకన్న కాదు.

మనిషిని కుదుర్చుకొనుటకు ముందు వైద్యునికి చూపవలెను. థైరాయిడు లోపము, బి-12 విటమిను లోపము, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావము కూడ మతిమరుపును కలిగించును; వీటికి చికిత్స కలదు. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. మానసిక ఆరోగ్య విషయమై 14416 అను నెంబరుకు టెలిఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును.

"మా నాయనను పరాయివారిచేత చూపింతుమా?" అని కొందరు అందురు. అభిమానము మంచిదే. కాని ఆ అభిమానపు బరువు తరచుగా ఇంటి కోడలిమీదనో, పెండ్లికాని కూతురిమీదనో పడుచున్నది. రాత్రి నిదుర లేక, పగలు విశ్రాంతి లేక ఆమె మంచము పట్టినచో ఇంట రోగులు ఇద్దరగుదురు. తోడు మనిషిని పెట్టుకొనుట బాధ్యతను వదలుకొనుట కాదు, పంచుకొనుట.

పట్నములలో కేర్‌టేకర్లను పంపెడి సంస్థలు కలవు. మనవైపున ఎక్కువగా తెలిసినవారి ద్వారానే మనిషి దొరకును. ఎవరైనను, గుర్తింపు పత్రము చూడవలెను. మునుపు పనిచేసిన ఇంటివారిని విచారింపవలెను. పని వేళలు, జీతము, వారమునకొక సెలవు, రాత్రి మేలుకొనుట ఎవరి వంతు, ఆమె రానినాడు ఎవరుందురు, ఇవన్నియు కాగితముమీద వ్రాసికొనవలెను. మొదటి పదిహేను దినములు ఇంటివారొకరు ప్రక్కనుండుట అవసరము.

ఆమెకు మందుల చీటీ ఇచ్చినంత మాత్రమున చాలదు. పెద్దాయన జీవితమును కూడ చెప్పవలెను. ఏ పేరున పిలిచిన పలుకును? సంతకు ఏ వారము పోయెడివాడు? తెలుగేనా, చిన్ననాట కన్నడమో ఉర్దూయో మాటలాడెనా? క్రొత్తగా నేర్చినది ముందు జారిపోయినను, పాతది చాలకాలము నిలుచుట కద్దు. గద్వాల చీరకు నూలు ఒంటిని పట్టు అంచుతో కలిపి నేసిన చేతులు, మనుమని పేరు మరచిన పిమ్మటకూడ కండె చుట్టగలుగవచ్చును. అట్టి పని దొరికిన పూట ఆయన మనసు కుదుటపడును.

చనిపోయిన భార్య ఎక్కడని అడిగినప్పుడు వాదింపరాదు. "ఆమెను గూర్చి చెప్పు నాయనా" అని మాట కలుపవలెను. బయటికి పోదునన్నచో త్రాటితో కట్టరాదు, గదిలో పెట్టి గొళ్ళెము వేయరాదు. కొంతదూరము వెంట నడచి మరల్చి తేవలెను. జేబులో టెలిఫోను నెంబరు వ్రాసిన చీటీ ఉంచి, ఇరుగుపొరుగుకు, టీ దుకాణమువారికి చెప్పియుంచవలెను. ఒకటి రెండు దినములలోనే మతి హఠాత్తుగా మరింత చెడినచో, జ్వరమో, మూత్రపు జబ్బో, ఎండకు నీరు తక్కువగుటయో కావచ్చును. వెంటనే వైద్యుని కలియవలెను.

ఇక మిక్కిలి సున్నితమైన విషయము. ఈ వ్యాధిగలవారు వస్తువులను తామే దాచి, మరచి, "నా గొలుసు ఆమె తీసినది" అందురు. ఆ మాట తరచుగా వ్యాధి పలికించునదే. దానిని పట్టుకొని బీద స్త్రీని దొంగ అన్నచో ఆమె బ్రతుకే చెడును. బంగారము, పాసుపుస్తకములు ముందే భద్రపరచవలెను. ఏదైన కనబడనిచో మొదట బియ్యపు డబ్బాలో, పరుపు క్రింద వెదకవలెను. జీతము తేదీ తప్పక ఈయవలెను. ఆమెకును నిదుర, అన్నము, గౌరవము కావలెను.

అట్లే, మతి తప్పినవారి వ్రేలిముద్ర కొరకు కాచుకొని ఉండెడి బంధువులును లేకపోలేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. పోషణ కరవైనవారు రెవెన్యూ డివిజను స్థాయిలోని ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. ఆదరణ చూపవలెనను షరతుతో ఆస్తిని వ్రాసి యిచ్చిన పిమ్మట ఆ ఆదరణ లేనిచో, ఆ దస్తావేజును రద్దుపరచుటకును ఆ చట్టములో వీలు కలదు. వృద్ధుల సహాయమునకు 14567 అను నెంబరు కలదు.

అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు పండుగకు ఒకచోట చేరినప్పుడే ఈ మాట తేల్చుకొనుట మంచిది: జీతము ఎవరు ఇత్తురు, నెలకొకసారి వచ్చి ఎవరు చూతురు, తోడు మనిషి సెలవునాడు ఎవరు నిలుతురు. దూరముననున్నవారు డబ్బు పంపి ఊరకుండక, ప్రతిదినము ఒకే వేళకు టెలిఫోనులో పలుకరింపవలెను. ఎవరి గొంతో ఆ తల్లికి తెలియకపోవచ్చును. తనవారి గొంతు అని మాత్రము తెలియవచ్చును.